కోయని కాహు మడి

తాను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేనప్పుడు మనిషి తలెత్తుకోలేకపోవడమేమిటి? నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన వైకుంఠాన్ని ఆ ఎండాకాలమంతా ఈ ప్రశ్న వదలలేదు. అన్నం ముందు కూర్చున్నా, పేపరు చేతపట్టినా ఎదురొచ్చేది. జవాబు తెలియక కాదు. తెలిసిన జవాబును ఒప్పుకోవడానికి అతని చదువంతా అడ్డం పడేది.

పేరులో వైకుంఠం ఉన్నా, అలాంటి చోటొకటి ఉంటుందని అతను ఏనాడూ నమ్మినవాడు కాదు. మాదన్నపేటలో వాళ్ల గల్లీ అందరికీ ఆ సంగతి తెలుసు. బోనాలు వీధిలోంచి పోతున్నా, పీర్లు లేస్తున్నా అరుగు మీద కూర్చుని తన చదువు తాను చదువుకునేవాడు. ఒకరి జోలికి పోడు. కాని తన జోలికి వస్తే వదిలిపెట్టడు. తాయెత్తు కట్టుకున్నాక జ్వరం దిగిందని ఎవరైనా అంటే, "కట్టుకోనోళ్లకు దిగలేదా మరి?" అని అడిగేవాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ అనుమానపు నీళ్ల సీసా పక్కన మంచినీళ్ల సీసా పెట్టి, రెండూ పోల్చి చూడందే మాట్లాడని మనిషి. ఆ అలవాటు ప్రయోగశాలలో విడిచిపెట్టి రాలేదు, ఇంటికి వెంట తెచ్చుకున్నాడు.

గోడవతల ఇల్లు అన్వర్‌ది. గడియారాలు బాగుచేసేవాడు. సంతోష్‌నగర్‌కు పోయే దారిలో చిన్న దుకాణం. కంటికి భూతద్దం బిగించుకుని, వెంట్రుకంత స్ప్రింగును చిమ్టాతో పట్టి, ఊపిరి బిగబట్టి అమర్చాల్సిన పని. ఎమర్జెన్సీకి ముందు సంవత్సరం వానాకాలంలో అతని తమ్ముడు రజాక్ టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటినుంచి అన్వర్‌కు నిద్ర లేకుండా పోయింది. పగలు చెయ్యి వణికేది. దుకాణానికొచ్చిన ఒక గిరాకీ గడియారం విప్పి, తిరిగి బిగించలేక, అలాగే గుడ్డలో మూటగట్టి ఇచ్చేశాడని వాడకట్టులో చెప్పుకున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం అన్వర్ భార్య అక్తరున్నీసా తల మీద దుపట్టా సర్దుకుంటూ గోడ దగ్గరికొచ్చి, వైకుంఠానికి ఒక చిన్న పొట్లం అందించింది.

"భాయ్‌సాబ్, హకీం సాబ్ ఈయనకు కాహు ఆకు రసం తాపమన్నడు. మార్కెట్ల ఆ ఆకు దొర్కదు. యునానీ దుకాణంల ఇత్తులు దొరికినయి. మా ఇంట్ల సూస్తె అంత షాబాద్ బండలే, మట్టి యాడిది? మీ పెరట్ల జెర జాగ ఇస్తరా?"

"ఆకు తాగితె నిద్రొస్తదా చెల్లె? మేకలు దినమంత ఆకులే తింటయి."

"మేకలు పండుకోవా మరి?" అంది అక్తరున్నీసా.

ఇంట్లోంచి అతని భార్య లీలమ్మ ఫక్కున నవ్వింది. వైకుంఠం కూడా నవ్వి పొట్లం విప్పాడు. జీలకర్రలో సగం కూడా లేని, చదునైన బూడిదరంగు గింజలు. ఈ కాహును అతనెరుగును. నీటి నమూనాల కోసం ఒక పెద్ద ఇంజనీరు బంగళాకు పోయినప్పుడు అక్కడి మడిలో చూశాడు. మాలి దాన్ని కాహు అనీ సలాద్ పత్తా అనీ అన్నాడు, దొరసాని రోమెయిన్ లెట్యూస్ అంది. వాళ్లు పచ్చిగా, ఉప్పూ నిమ్మరసమూ చల్లుకుని తింటారు. దానివల్ల ఆ ఇంజనీరు ఆఫీసులో నిద్రపోయిన దాఖలా మాత్రం వైకుంఠానికి తెలియదు.

"జాగకేమున్నది, పెడ్త," అన్నాడు. "నిద్రకు మాత్రం జిమ్మేదారి నాది గాదు."

మొదటిసారి విత్తినవి మొలవలేదు. వానలు వెనకబట్టి, పెరడంతా ఉక్కపోస్తున్న రోజులు. చిక్కుడు గింజను నాటినట్టు వేలితో గుంట తీసి, గింజలు వేసి, మట్టి కప్పి నీళ్లు పోశాడు. ఎదురుచూశాడు. గడ్డి మొలిచింది, కాహు మొలవలేదు.

"నీకు నమ్మకం లేదని ఇత్తులకు గూడ తెల్సిపోయినట్టున్నది," అంది లీలమ్మ.

వైకుంఠం ఆ ఎత్తిపొడుపును పక్కనపెట్టి, తప్పెక్కడో ఆలోచించాడు. చలిదేశపు మొక్క. వేడి నేలలో గింజ బిగుసుకుని ఊరుకుంటుంది. పైగా అంత చిన్న గింజను అంత లోతున పాతిపెడితే వెలుతురెక్కడిది? అదృష్టం కొద్దీ సగం గింజలు పొట్లంలోనే మిగిల్చాడు. వాటిని తడి గుడ్డలో చుట్టి, మంచినీళ్ల రంజన్ కుండ కింద, చెమ్మతో చల్లగా ఉండే ఇసుక మీద ఉంచాడు. గుడ్డ విప్పి చూసిన ఒక ఉదయాన గింజల కొనలు తెల్లగా చిట్లి కనిపించాయి. సేపుపండ్ల పెట్టెలో జల్లించిన మట్టీ, చివికిన ఆకుల ఎరువూ నింపి, మొలకెత్తిన గింజలను పైపైన చల్లి, కనిపించీ కనిపించనంత పల్చగా మట్టి రాల్చాడు. చెంబుతో పోస్తే కొట్టుకుపోతాయని తడిగుడ్డ పిండుతూ నీళ్లు చిలకరించేవాడు. మిట్టమధ్యాహ్నం పెట్టె మీద గోనెసంచి కప్పేవాడు, ఎండ దిగగానే తీసేసేవాడు.

నాలుగేసి ఆకులు వచ్చాక నారును మడిలోకి మార్చాడు, మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం వదిలి. పిచ్చుకలు పొడవకుండా తుమ్మకంప చుట్టూ పేర్చాడు. చలి ముదిరేకొద్దీ ఆ మొక్కలు చూడముచ్చటగా ఎదిగాయి. క్యాబేజీలా గుండ్రంగా ముడుచుకోలేదు. ఆకులు ఒకదానికొకటి ఆనుకుని నిటారుగా లేచాయి. ప్రతి ఆకు నడుమా తెల్లటి లావుపాటి ఈనె, తుంచితే తుంచినచోట పాలచుక్క. నడిమి మొవ్వు ముట్టుకోకుండా వెలుపలి ఆకులు మాత్రం కోస్తూ పోతే, లోపలినుంచి కొత్తవి వస్తూనే ఉన్నాయి.

కోసిన వెంటనే నూరాలని హకీం చెప్పాడట. అందుకని లీలమ్మే తన రోట్లో నూరి, గుడ్డలో వడగట్టి, పొద్దుగూకే వేళకు గ్లాసును గోడ మీదుగా అందించేది. మర్నాడు ఉదయం వైకుంఠం అటు తొంగిచూసి అడిగేవాడు:

"ఏమాయె అన్వర్? నిద్ర పట్టిందా?"

"జెర కన్నంటుకున్నది భాయ్‌సాబ్."

జెర అన్నది మెల్లమెల్లగా మస్తు అయింది. అన్వర్ కళ్లకింది నలుపు తగ్గింది. దుకాణం వేళకు తెరిచాడు. మూటగట్టి ఇచ్చిన ఆ గడియారాన్నే తిరిగి అడిగి తెచ్చుకుని బాగుచేశాడని విని లీలమ్మ సంబరపడింది. వైకుంఠమూ సంతోషించాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

ఆగనివ్వనిది ఒక మాట. ఆ మాట షిఫా.

చేతిలో షిఫా ఉందంటే, ఆ చెయ్యి ముట్టుకున్నదల్లా నయమవుతుందని. అది హకీములకు ఉంటుందంటారు, పుణ్యాత్ములకు ఉంటుందంటారు. అన్వర్ దాన్ని వైకుంఠానికి అంటగట్టాడు. దుకాణానికి వచ్చిన ప్రతి గిరాకీతోనూ, "హకీం మందు రాసిండు గని, షిఫా మా వైకుంఠం భాయ్‌సాబ్ చేతిలున్నది. ముందుగాల మొల్వని ఇత్తులు ఆయన చెయ్యి తాకినంక మొల్చినయి," అని చెప్పుకున్నాడు. గుడ్డ సంగతీ, రంజన్ సంగతీ, వేడిని తట్టుకోలేని గింజ సంగతీ ఎవరికి కావాలి? పక్క గల్లీలోంచి ఒక ముసలామె మూర్ఛలొచ్చే మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడింది. "బాపూ, నీ చేత్తోనే తెంపియ్యి, గట్లయితేనే పన్జేస్తదట," అంది. వైకుంఠం ఆమెను ఆసుపత్రికి పొమ్మని కసిరాడు. ఆమె పోతూ పోతూ అతని గడపకు దండం పెట్టింది.

ఆ దండం అతనికి ముల్లులా దిగింది.

దర్జీ ఆగయ్యకు ఇంతకంటే పండగేముంది? సాయంత్రం వైకుంఠమూ అన్వరూ కూర్చునే ఇరానీ హోటల్లో అతనే మాటకారి.

"జరుగుండ్రి, జరుగుండ్రి! ఆకుబాబా వస్తుండు, జాగియ్యుండ్రి," అన్నాడు వైకుంఠాన్ని చూసి. "దేవుడు లేడు లేడంటివి. నువ్వే దేవుడివని లోపట లోపట దాసుకున్నవా ఏంది? ఇగ గద్దె ఒక్కటే తక్కువ. చందా నేనెత్తుత."

"ఊకో ఆగయ్యా."

"ఊకునుడేంది! మూర్ఛలకు ఆకిస్తున్నవట. నా కుట్టుమిషిను గూడ మొరాయిస్తున్నది, జెర చెయ్యి పెట్టరాదు?"

అందరూ నవ్వారు. పక్కనే కూర్చున్న అన్వర్ నవ్వలేదు. "మజాక్ నక్కో కరో ఆగయ్యన్నా," అన్నాడు, ఎగతాళి చెయ్యొద్దని నొచ్చుకుంటూ. "ఆయన చేతిల షిఫా ఉన్నది. నేనే గవా."

గవా అంటే సాక్షి. తన జీవితమంతా ఏ మాటకు ఎదురు నిలిచాడో ఆ మాటకు తానే రుజువై కూర్చున్నట్టు తోచింది వైకుంఠానికి. ఆ పూట చాయ్ సగం గ్లాసులోనే వదిలేశాడు. ఇంటికి నడుస్తుండగానే ఏం చెయ్యాలో తేలిపోయింది. అనుమానపు సీసా పక్కన మంచినీళ్ల సీసా. అంతే.

మర్నాడు లీలమ్మతో, "నీ బుజం నొస్తుందంటివి గద, రేపటిసంది రసం నేనే నూరుత," అన్నాడు. లీలమ్మ మురిసిపోయింది. పెళ్లయినప్పటినుంచి రోటి దగ్గర కూర్చోని మగవాడు, పక్కింటివాని నిద్ర కోసం కూర్చుంటానన్నాడు మరి.

మాదన్నపేట కూరగాయల మార్కెట్లో వాళ్లింటికి రోజూ కూరలిచ్చే మనిషిని తప్పించుకుని, ఆ చివరకు పోయి పాలకూర కొన్నాడు. సంచిలో అడుగున పెట్టి పైన పేపరు కప్పాడు. లీలమ్మ వాకిట్లో ఉన్నప్పుడు నూరాడు. పాలకూర రసం మరీ కమ్మగా ఉంది, కాహులో ఉండే చిరుచేదు లేదు. రెండు మెంతాకులు కలిపాడు. నాలుక మీద వేసుకుని చూశాడు. ఇంకొకటి కలిపాడు. ఇప్పుడు కుదిరింది. రోలు కడిగి, పిప్పిని పెంటకుప్పలో లోపలికి తోసి, గ్లాసు గోడ మీద పెట్టాడు. చేస్తున్నంతసేపూ అతనికి అది మోసమని తోచలేదు. తోచనందుకే తర్వాత ఎక్కువ సిగ్గుపడ్డాడు. ప్రయోగశాలలో గాజుగొట్టం కడిగినంత శ్రద్ధగా, అంత తేలిక మనసుతో చేశాడు.

ఉదయం గోడ దగ్గరికి పోయాడు. "నిద్ర పట్టిందా అన్వర్?"

"బ్రహ్మాండంగ భాయ్‌సాబ్!"

ఆ తర్వాతి ఉదయాలూ అదే జవాబు. వైకుంఠం గుండెలో ఏదో గెలుపు గంతులేసింది. తొందరపడకూడదని, ఇంకొన్నాళ్లు చూశాడు. ఈలోగా చలి తగ్గింది. కోయడం మానేసిన కాహు మొక్కలు ఆకుమీద ఆకు వేసి గుబురుగా నిండాయి, వాటి నడిమి కాడ పైకి సాగడం మొదలుపెట్టింది. లీలమ్మ ఒకటి రెండుసార్లు, "ఇంత ఇంత కోస్తున్నా ఎంత పెరుగుతున్నదయ్యా!" అని మురిసింది. అతను తల ఊపాడు.

అన్వర్‌కు మెల్లగా, ఒంటరిగా చెప్పాలనే అతని ఉద్దేశం. అది నిజం. కాని ఆ సాయంత్రం హోటల్లో ఆగయ్య ఎవరో కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. "గీయనే సాబ్, నేను జెప్పిన ఆకుబాబా," అని పరిచయం చేశాడు. ఆ మనిషి నవ్వకుండా, నిజంగానే లేచి నిలబడి చేతులు జోడించాడు. అన్వర్ ముఖం వెలిగిపోయింది.

"బాబా లేడు, ఆకు లేదు!" అన్నాడు వైకుంఠం. గొంతు అతను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "సంక్రాంతి ఎల్లినంక ఈ అన్వర్ ఒక్క కాహు ఆకు తాగలే. తాగినదంత పాలకూర రసం. పండుకున్నడా లేదా, మీరే అడుగుండ్రి. ఏది షిఫా? యాడున్నది?"

అన్వర్ నవ్వాడు. "మజాక్ చేస్తున్నరు భాయ్‌సాబ్."

"మజాక్ గాదు."

"అరె, రోజు తాగుతున్న గద, నాకు రుచి తెల్వదా?"

ఇక్కడైనా ఆగవచ్చు. మజాకేనని అని ఉంటే అయిపోయేది. కాని రుజువు లేని మాట చెప్పి లేవడం వైకుంఠానికి అలవాటు లేదు. "నడువు, సూపిస్త," అన్నాడు. ముందు తను, వెనక అన్వర్, వాళ్ల వెనక తమాషా చూద్దామని ఆగయ్య, కొత్త మనిషి, మరిద్దరు. ఇంకా వెలుతురుంది. లీలమ్మ కంగారుగా బయటికొచ్చింది. వైకుంఠం అందరినీ పెరట్లోకి తీసుకుపోయి మడి చూపించాడు.

చెప్పాల్సిందేమీ లేకపోయింది. మొక్కలు మోకాలెత్తున నిలబడి ఉన్నాయి. మొదటి రోజుల్లో కోసిన గాట్లు అడుగున ఎండి నల్లబడ్డాయి. ఆ పైన ఒక్క ఆకు తెగలేదు, ఒక్క గాటు లేదు.

అన్వర్ గొంతుక్కూర్చున్నాడు. గడియారం వీపు విప్పి చూసినట్టు, ఆకులు పక్కకు తప్పించి మొదళ్లు చూశాడు. "మంచిగ పెరిగినయి," అన్నాడు. ఆకులు వదిలేసి, "పాలకూరనా?" అని అడిగాడు.

"పాలకూర. రెండు మూడు మెంతాకులు."

"మెంతి గూడ ఏసిండ్రా? చేదు కోసమా?" అన్వర్ తలెత్తి అతన్ని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఒక పనివాడు ఇంకొక పనివాని పనితనాన్ని పరికించే చూపు. "బారీక్ పని భాయ్‌సాబ్," అన్నాడు. "చాన బారీక్ పని."

బారీకంటే సన్నం, నాజూకు. వెంట్రుకంత స్ప్రింగు అమర్చే మనిషి నోట ఆ మెప్పు విని వైకుంఠం చెవులు వేడెక్కాయి. ఆగయ్య నవ్వుదామని నోరు తెరిచి, మూసుకున్నాడు. కొత్త మనిషి అప్పటికే బయటికి పోయాడు. అన్వర్ మోకాళ్లకంటిన మట్టి దులుపుకుని, లీలమ్మకు సలాం చెప్పి, పెరటిగోడ అవతల నిలబడి అంతా విన్న భార్య వైపు చూడకుండా, వీధి గుమ్మంలోంచి వెళ్లిపోయాడు.

"బుజం నొస్తుందని నన్ను కూసోబెట్టి నువ్వు చేసింది గిదా?" అంది లీలమ్మ. "దేవుడు లేడంటవని ఊరంత నన్ను ఏమేమో అన్నరు. ఒక్కనాడు నేను తల దించుకోలే. ఇయ్యాల సిగ్గయితున్నదయ్యా."

"నేను అబద్ధమేమన్న చెప్పిన్నా?"

"చెప్పలే. తాపినవ్."



అన్వర్ మళ్లీ నిద్రకు దూరమయ్యాడు. మొదట లీలమ్మ ద్వారా తెలిసింది, తర్వాత చూస్తేనే తెలిసింది. దుకాణం ఒక పూట తెరిచి ఒక పూట మూస్తున్నాడు. వైకుంఠం ఉదయం గోడ దగ్గరికి పోయాడు, అలవాటుగా. అన్వర్ లేడు. అక్తరున్నీసా బట్టలు ఆరేస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు. ఆమె చేతిలోని బట్టను తీగ మీద వేసి, అంచులు సాపు చేసి, అప్పుడు తిరిగింది.

"భాయ్‌సాబ్, ఒక్క మాట అడుగుత. రోజు పొద్దుగాల గిక్కడికొచ్చి, నిద్ర పట్టిందా అని అడుగుతుంటిరి. మా అత్తమ్మ పోయినంక అట్ల అడిగినోళ్లు లేరని ఈయన నాతోని అంటుండె. మీ గొంతు ఇనవడితె చాయ్ పక్కకు పెట్టి ఉరికొస్తుండె." ఆమె దుపట్టా సర్దుకుంది. "గది గూడ ఇంతిహానేనా?"

ఇంతిహాన్. పరీక్ష. ఉర్దూ మీడియంలో చదివి, ఆ మాటకు భయపడీ, ఆ మాటలో నెగ్గీ పైకొచ్చినవాడు వైకుంఠం. కాదని చెబుదామనుకున్నాడు. మొదట్లో కాదు. రసం మార్చిన తర్వాత మాత్రం, అవును. ఏ ఉదయం నుంచి ఆ ప్రశ్నలో పలకరింపు పోయి లెక్క మిగిలిందో అతనికి కచ్చితంగా తెలుసు. కచ్చితంగా తెలియడం అతని వృత్తి. వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చేశాడు.

పడక్కుర్చీలో కూర్చుని వాదన కట్టుకున్నాడు. వాదన నిలిచింది కూడా. పాలకూరతో పడుకున్నాడంటే నిద్ర ఆకులో లేదు, హకీములో లేదు, తన చేతిలో లేదు, అన్వర్ ఒంట్లోనే ఉంది. ఇంతకంటే ధైర్యమిచ్చే మాట ఏముంటుంది? ఇది చెబితే చాలు. ఈ ఆశతో చొక్కా వేసుకుని దుకాణానికి నడిచాడు.

అన్వర్ కంటికి భూతద్దం పెట్టుకుని ఉన్నాడు. ఎదురుగా విప్పిన గడియారం. చిమ్టా కొన వణుకుతోంది. వైకుంఠాన్ని చూసి చిమ్టా కిందపెట్టి, స్టూలు జరిపాడు. వైకుంఠం చెప్పదలచుకున్నది వరసతప్పకుండా చెప్పాడు. అన్వర్ మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"సహీ మాట భాయ్‌సాబ్," అన్నాడు చివరికి. "మీ మాటల తప్పు పట్టేటందుకేం లేదు. నిద్ర నా ఒంట్లనే ఉన్నదంటిరి. మరి ఉన్న నిద్ర వస్తలేదేంది?"

అన్వర్ చిమ్టాను బల్ల మీద ఇంకాస్త పక్కకు జరిపాడు.

"పెయ్యి అల్సిపోతది. కన్ను మూస్తె, గది పాలకూర, గది పాలకూర అని యాదికొస్తది. నవ్వొస్తది. నవ్వొస్తె మెల్కువొస్తది." నిజంగానే కొంచెం నవ్వాడు. "ముందుగాల రజాక్ యాదికొస్తుండె. ఇప్పుడు మీరు గూడ. ఇద్దరు."

గోడ మీది గడియారాలు ఒక్కొక్కటీ ఒక్కో వేళ చూపిస్తూ కొట్టుకుంటున్నాయి. వైకుంఠం తన చేతులు చూసుకున్నాడు.

"తప్పయింది అన్వర్," అన్నాడు.

ఆ మాట ఎంత మెల్లగా అన్నాడో, అన్వర్ అంత గాభరాగా లేచి నిలబడ్డాడు. భూతద్దం జారి బల్ల మీద పడింది. "అరె, అరె! పెద్దోళ్లు మీరు, గట్లనొద్దు!" అని వైకుంఠం రెండు చేతులూ పట్టుకున్నాడు. తనకంటే పెద్దవాడు, అదీ ఈ మనిషి, తన ముందు తలదించుకుని కూర్చోవడం అతను చూడలేకపోతున్నాడని ముఖమంతా చెబుతోంది. ఎటు చూడాలో తెలియక వీధి వైపు చూశాడు. "మడిల కాహు ఇంక ఉన్నది గద? పంపుండ్రి, తాగుత. అసలుది."

వైకుంఠానికి దాని మీద అప్పటికీ నమ్మకం లేదు. ఆకులో నిద్ర లేదని అతనికంటే రూఢిగా తెలిసినవాళ్లు ఆ గల్లీలో ఎవరూ లేరు. అయినా ఆ సాయంత్రం లీలమ్మను రోటి పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చూస్తుండగా కోసి, ఆమె చూస్తుండగా నూరాడు. మొక్కలు అప్పటికే కాడ సాగి ముదిరిపోయాయి. తుంచితే పాలు ధారకట్టి వేళ్లకు అంటుకున్నాయి. రసం నాలుక మీద పెట్టుకోలేనంత చేదు. అన్వర్ గోడ దగ్గరే నిలబడి, ఒక్క గుక్కలో తాగి, ముఖం ముడవకుండా గ్లాసు తిరిగిచ్చాడు.

మర్నాడు వైకుంఠం గోడ దగ్గరికి పోలేదు. ఆ ప్రశ్న అడిగే హక్కు తనకు పోయిందని తెలుసు. పెరట్లో మూలగా కూర్చుని ఎండుటాకులు ఏరుతున్నాడు. అవతలినుంచి అన్వరే పిలిచాడు.

"భాయ్‌సాబ్! ఆదాబ్. మంచిగ పండుకున్న!"

ఆ మర్నాడు కూడా పిలిచాడు. ఆ తర్వాతా పిలిచాడు. ప్రతి ఉదయం, అడగకముందే. "ఫస్ట్ క్లాస్ నిద్ర భాయ్‌సాబ్, ఫికర్ చెయ్యకుండ్రి." లీలమ్మ ముఖం తేటపడింది. ఆగయ్య హోటల్లో మళ్లీ నోరు విప్పాడు. అంతా సర్దుకున్నట్టే ఉంది. దుకాణం మాత్రం అన్వర్ ఇంకా ఒక పూటే తెరుస్తున్నాడు.

ఎండలు ముదిరి, కాహు కాడల చివర చిన్న చిన్న పసుపు పూలు విచ్చిన ఒక ఉదయాన, వైకుంఠం కోయడానికి మిగిలిన నాలుగు ఆకుల కోసం వెతుకుతుండగా అన్వర్ గోడ మీద మోచేతులాన్చి నిలబడ్డాడు. వెనక అక్తరున్నీసా ఆరేసిన చీర చాటున ఉంది. తీగను పట్టుకున్న వేళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"రాత్రి ఎట్ల పండుకున్ననో తెల్వదు భాయ్‌సాబ్, పొద్దుగాల ఆమె లేపితె..."

మాట మధ్యలో ఆవులింత వచ్చింది. అన్వర్ దాన్ని దవడలు బిగించి ఆపబోయాడు. ఆగలేదు. గబుక్కున పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. దగ్గు బాగా కుదరలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కళ్ల తెల్లగుడ్డు ఎర్రగా, రెప్పలు బరువుగా ఉన్నాయి. చీర చాటున వేళ్లు తీగ మీంచి కిందికి జారాయి.

"దుమ్ము," అన్నాడు అన్వర్. "ఎండాకాలం గద. ఆమె లేపితెనే లేసిన. అట్ల పట్టింది నిద్ర."

వైకుంఠం నాలుక చివర ప్రశ్నలు వాటంతట అవే వరసగా వచ్చి నిలబడ్డాయి. ఎన్నింటికి పడుకున్నావు, మధ్యలో ఎన్నిసార్లు లేచావు, చెయ్యేది, చాపు, వణుకుతుందేమో చూద్దాం. జీవితమంతా అడిగిన ప్రశ్నలే. మొక్కల మీదికి వంగి, అక్కడ లేని ఆకును వెతికాడు.

"మంచిదే అన్వర్," అన్నాడు, తలెత్తకుండా. "మంచిదే."